దాదాభాయి నౌరోజీ
1825లో పేద పార్శీ పురోహిత కుటుంబంలో జన్మించిన దాదాభాయి నౌరోజీ బొంబాయిలో గణితాచార్యుడై, 1855లో వాణిజ్యార్థం ఇంగ్లండు చేరాడు. పత్తి వర్తకంలో జమాఖర్చులు ఎరిగిన ఆయన దేశపు పద్దులనూ అదే దృష్టితో పరిశీలించాడు. భారతదేశం ఏటేటా దిగుమతులకు మించి ఎగుమతి చేస్తున్నది. మిగులు మాత్రం తిరిగి రావడం లేదు. ఆంగ్ల అధికారుల జీతభత్యాలు, పింఛన్లు, లండన్ కార్యాలయపు ఖర్చులు, అప్పులపై వడ్డీల రూపంలో ఆ ధనం సముద్రాలు దాటిపోతున్నదని తేల్చాడు. ఇదే సంపద తరలింపు సిద్ధాంతం.

1867-68 నాటి ప్రభుత్వ నివేదికలనే ఆధారం చేసుకొని భారతీయుని సగటు వార్షికాదాయం సుమారు 20 రూపాయలని గణించాడు. కారాగారంలో ఖైదీ తిండిబట్టలకయ్యే వ్యయం అంతకంటె ఎక్కువ! ఆ అంకెలు ఉజ్జాయింపులే కావచ్చు. కాని అంతవరకు ఆ లెక్క కట్టిన భారతీయుడే లేడు.

1892లో ఫిన్స్‌బరీ నుండి బ్రిటిష్ పార్లమెంటుకు ఎన్నికై, పాలకుల సభలోనే ఈ వాదం వినిపించాడు. 1901లో గ్రంథంగా వెలువరించాడు. 1917లో ఆయన కన్నుమూసేనాటికీ ఆ తరలింపు ఆగలేదు.