కణం గుట్టు విప్పిన మన సుబ్బారావు గారు

అమెరికా గడ్డమీద తొలినాళ్ళలో అడుగుపెట్టిన తెలుగువారిలో అగ్రగణ్యులు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. వైద్యకళాశాలలో ఖద్దరు కట్టి, ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకున్నారు. స్ప్రూ వ్యాధి అన్నగారిని పొట్టన పెట్టుకుంది.

భార్య శేషగిరి గారిని స్వదేశంలో ఉంచి బోస్టన్ చేరి, ఆసుపత్రిలో చిన్న పనులు చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివారు. సైరస్ ఫిస్క్‌తో కలిసి 1929లో కండరంలో ఏ.టి.పి.ని గుర్తించారు. జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా అదే ఏడాది విడిగా దాన్ని కనుగొన్నారు. ఆర్.ఎన్.ఏ. తయారీకి ఏ.టి.పి. ముడిసరుకు. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరోవైపుకు లాగే ప్రోటీన్లకు అదే ఇంధనం.

ఇంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ సంస్థలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అన్నగారిని బలిగొన్న స్ప్రూకు అది మందయింది.

కణం చీలాలంటే ముందు డి.ఎన్.ఏ.కు నకలు తయారుకావాలి. అందుకు ఫోలిక్ ఆమ్లం అవసరం. మరి దాన్ని అడ్డుకుంటే క్యాన్సర్ కణాలు ఆగవా? ఆ దారిలో లెడర్లీలో తయారైన అమినాప్టెరిన్‌ను డాక్టర్ సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో లుకేమియా సోకిన పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి జబ్బు కొంతకాలం తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ నేటికీ ప్రాణాలు నిలుపుతోంది.

ఆ ఏడాది ఆగస్టులోనే, 53 ఏళ్ళ వయసులో, సుబ్బారావు గారు నిద్రలో కన్నుమూశారు. తిరిగి స్వదేశం చూడలేదు, భార్యను కలుసుకోలేదు. ఎందరో తల్లుల ఒడి నిలబెట్టిన ఆ మహనీయునికి అంజలి ఘటిద్దాం.