అక్షరదోషములకు కారణము వెదకిన ఆచార్యుడు

వ్రాతలో తప్పులు చేయు పిల్లవానిని చూచినతోడనే శ్రద్ధలేనివాడని నిర్ణయించుట ఉపాధ్యాయులకు పాత అలవాటు. మేమును దానికి లోబడినవారమే. ఎఱ్ఱసిరాతో దిద్దుదుము, పదిసార్లు వ్రాయుమందుము, ఏల తప్పుచున్నాడని విచారించుట అరుదు. ఆ ప్రశ్నను విడువక పట్టుకొని ఒక నూతన శాస్త్రమునకు పునాది వేసిన అమెరికా ఆచార్యుడు లైట్నర్ విట్మర్ చరిత్రమును ఇచట సంగ్రహముగా తెలుపుచున్నాము.

విట్మర్ 1867వ సంవత్సరము జూన్ 28వ తేదీన ఫిలడెల్ఫియా నగరమున జన్మించెను. తండ్రి మందుల వ్యాపారి. 1888లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున పట్టము పొంది, రగ్బీ అకాడమీ అను పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరెను. అచట కళాశాలలో చేరగోరిన యొక బాలుడు ఇంగ్లీషులో మిక్కిలి వెనుకబడి యుండెను. విట్మర్ వానికి విడిగా పాఠములు చెప్పుచు పరిశీలింపగా, మాటల చివరి ధ్వనులను వాడు సరిగా గుర్తింపలేకున్నట్లు తెలిసెను. చెవికి అందనిది చేతికి ఎట్లు వచ్చును? ఆ లోపమును సవరించుటకు విట్మర్ ఓపికతో పాటుపడెను. ఆ బాలుడు తరువాత విశ్వవిద్యాలయమున ప్రవేశించెను.

విట్మర్ పిమ్మట కాటెల్ అను ఆచార్యుని యొద్ద మనశ్శాస్త్రము అభ్యసించి, జర్మనీకేగి లైప్‌జిగ్‌లో వుంట్ పండితుని శిష్యుడై 1892లో డాక్టరు పట్టము పొందెను. స్వదేశమునకు మరలి పెన్సిల్వేనియాలోని ప్రయోగశాలకు అధిపతి యయ్యెను.

1896 మార్చిలో మార్గరెట్ మెగ్వైర్ అను ఉపాధ్యాయిని, పదునాలుగేండ్ల బాలుని ఆయన యొద్దకు తోడ్కొని వచ్చెను. ఇతర విషయములందు తెలివిగలవాడే. అక్షరక్రమము మాత్రము పట్టుపడదు. ఇంగ్లీషున ‘వాజ్’ అను మాటను ‘సా’ అని చదువును. ఆ రెంటిలోను అక్షరములు అవియే, వరుస మాత్రము తలక్రిందు. మనశ్శాస్త్రము నిజముగా శాస్త్రమైనచో ఈ బాలునికి ఉపకరింపవలదా యని ఆమె తలంపు. నాటి మనశ్శాస్త్ర గ్రంథములలో దీనికి సమాధానము లేదు. విట్మర్ బాలుని కన్నులు పరీక్షింపజేయగా, ఒకే వస్తువు రెండుగా కనబడు దోషమున్నట్లు తేలినది. కండ్లద్దములు ఇప్పించి, ప్రత్యేకముగా చదువు చెప్పించిరి. బాలుడు కొంత మెరుగయ్యెను గాని లోపము పూర్తిగా తొలగలేదు. ఈ మాట మరుగుపరచక వ్రాయుట విట్మర్ గొప్పతనమని మా అభిప్రాయము. పుట్టిన పిమ్మట మనస్సు ఎదుగుదలలో ఒకచో నిలిచిపోవుటయే కారణమని ఆయన 1907లో వివరించెను. అప్పటికే ఆ యువకుడు క్షయవ్యాధితో మరణించి యుండెను.

ఆ 1896లోనే విట్మర్ విశ్వవిద్యాలయమున సైకలాజికల్ క్లినిక్‌ను నెలకొల్పెను. ప్రపంచమున ఇట్టిది అదియే మొదటిదని పండితులు చెప్పుదురు. 1907లో అదే పేర పత్రికను స్థాపించి, మొదటి సంచికలో క్లినికల్ సైకాలజీ అను కొత్త వృత్తికి నామకరణము చేసెను. వైద్యుడు, ఉపాధ్యాయుడు, ఇంటి పరిస్థితులు విచారించు సేవకుడు కలిసి ఒక్క బిడ్డను గూర్చి ఆలోచించుట ఆయన పద్ధతి. పరీక్షలో వచ్చిన అంకె నొకదానినే చూచి బిడ్డ బుద్ధిని తూచుటకు ఆయన సమ్మతింపలేదు. స్వభావమున కొంత కఠినుడు. విలియం జేమ్స్ వంటి పెద్దలనుగూడ పత్రికాముఖమున తీవ్రముగా ఖండించెను.

డాన్ అను శిశువు కథ విశేషమైనది. రెండేండ్ల యేడు నెలల ప్రాయమున వానిని తెచ్చిరి. మాటలాడడు, ఎవరినీ చూడడు, చేతిలోని అట్టముక్కనే గంటలకొలది చూచుచుండును. మందమతి యని వదలివేయక, భయమే వాని ఎదుగుదలను అడ్డుచున్నదని విట్మర్ తలంచి శిక్షణ మొదలిడెను. ఏడవ యేటికి వాడు చదువను, వ్రాయను, లెక్కలు చేయను నేర్చెను. కానర్ పండితుడు ఆటిజమును వర్ణించినది 1943లో. డాన్ వృత్తాంతము అంతకు ఇరువది యేండ్లకు పైగా ముందే వెలువడినది. ఆ శిశువుది ఆటిజమే కావచ్చునని తరువాతివారిలో కొందరి తలంపు.

విట్మర్ 1937లో ఉద్యోగ విరమణము చేసెను. 1956 జూలై 19వ తేదీన, తన ఎనుబదితొమ్మిదవ యేట, పెన్సిల్వేనియాలోనే కన్నుమూసెను.