శిలలలోని వేసవి: హెరాల్డ్ యూరీ

హెరాల్డ్ క్లేటన్ యూరీ 1893లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున వాకర్టన్‌లో జన్మించెను. తండ్రి బడిపంతులు, మతబోధకుడును, 1899లోనే గతించెను. యూరీ పల్లెబడులలో చదువు చెప్పి, తరువాత మోంటానా విశ్వవిద్యాలయమున చేరి 1917లో జంతుశాస్త్రమున పట్టభద్రుడయ్యెను. 1931లో బరువైన ఉదజనిని కనుగొనుటయు, 1934లో నోబెల్ బహుమానమందుటయు జగద్విదితములే. యుద్ధకాలమున ఆయన కొలంబియాలో యురేనియం సమస్థానీయములను వేరుపరచు కార్యమునకు నాయకుడు. 1945 తరువాత అణ్వస్త్రములను గట్టిగా నిరసించుచు, చికాగోలో వేరొక తపస్సునకు పూనుకొనెను.

ఆమ్లజని పరమాణువులలో సుమారు ఐదువందలకొకటి 18 భారము గలది. నీరు చల్లనైనకొలది అందు పెరుగు గుల్లలోని కర్బనితమున ఈ బరువైన పాలు హెచ్చును. అయితే డిగ్రీకి హెచ్చునది పదివేలలో రెండు పాళ్లే! 1947లో యూరీ ఈ గణితమును ప్రకటించెను. నాటి యంత్రములకు అంతటి సూక్ష్మత లేదు. ఎప్‌స్టీన్, మెకిన్నీ మొదలగు సహచరులు శ్రమించి యంత్రమును సంస్కరించిరి. 1951 నాటికి, పదునైదుకోట్ల యేండ్లకు పైబడిన బెలెమ్నైటు అను సముద్రప్రాణి శిలాజమును పొరపొరగా గీకి, అది బాల్యానంతరము మూడు వేసవులు, నాలుగు శీతకాలములు చూచి వసంతమున చచ్చెనని చెప్పగలిగిరి. కథకులకును ఇట్టి వివరము దొరకుట అరుదు. లోపమొక్కటే: ఆనాటి నీటిలో బరువైన ఆమ్లజని యెంతయో తెలిసిననే లెక్క సాగును.

రోజన్‌బర్గ్ దంపతులను 1953లో ఉరితీయక... కాదు, విద్యుదాసనమున చంపకముందు, వారికి మరణదండన తగదని యూరీ బహిరంగముగ వాదించెను. అది అనుమానములకు వెరచి పలువురు నోరు మెదపని కాలము. ఆ యేటనే శిష్యుడు మిల్లర్ జీవోత్పత్తి ప్రయోగమును ప్రకటింపగా, కీర్తి తనకు పోవునని తన పేరు చేర్చనీయలేదు.

1981లో యూరీ మరణించెను. 1984లో అంటార్కిటికాలోని అలన్ హిల్స్‌లో దాదాపు రెండు కిలోల ఉల్కాశిల దొరకెను. అది కుజునిదని 1993లో తేలెను. అందలి కర్బనితపు గుళికల వయసు సుమారు నాలుగువందల కోట్ల యేండ్లు. అవి వందల డిగ్రీల వేడిలో పుట్టెనని కొందరు, గోరువెచ్చని నీట పుట్టెనని కొందరు వాదించిరి. కుజుని నాటి నీటి గుణమెవ్వరికి తెలియును? యూరీ కొలమానము ఇచట చిక్కుపడినది. 2011లో హాలెవీ, ఫిషర్, ఐలర్ అనువారు బరువైన కర్బనము బరువైన ఆమ్లజనితో జతకట్టు నిష్పత్తిని కొలిచిరి. దీనికి నీటి గుణముతో పనిలేదు, గణితమార్గము మాత్రము యూరీదే. ఫలితము 18 డిగ్రీలు, నాలుగు అటునిటుగా. అందు జీవుల జాడ కలదను 1996 నాటి వాదమును అధికసంఖ్యాకులు అంగీకరింపలేదు.