యల్లాప్రగడ సుబ్బారావుగారు - వారి వ్యాసములు

మహనీయుల చరిత్రలను వ్రాయువారు సాధారణముగా వారి జన్మస్థలముతో నారంభింతురు. మేము మాత్రము ఒక పట్టికతో నారంభింపదలచితిమి. 1964 ప్రాంతమున అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమందు యూజీన్ గార్‌ఫీల్డు అను నాతడు ఒక పెద్ద సూచికను ప్రకటింపసాగెను. ఒక శాస్త్రవ్యాసమును తరువాతి పరిశోధకులు ఎందరు, ఎన్నిమారులు పేర్కొనిరో దానినిబట్టి తెలిసికొనవచ్చును. ఆ లెక్కలో మిక్కిలి తరచుగా పేర్కొనబడిన వ్యాసములలో 1925వ సంవత్సరమున వెలువడిన దొకటి కానవచ్చినది. శరీరద్రవములలోని భాస్వరమును రంగునుబట్టి కొలుచు పద్ధతి దాని విషయము. వ్రాసినవారిద్దరు: ఫిస్కె, సుబ్బారావు. అయితే ఆ సూచికలో వ్యాసములను మొదటి రచయిత పేరు క్రిందనే చేర్చుట యాచారము. కావున వేలకొలది ఉల్లేఖనములు ఫిస్కె పేరు క్రిందనే నిలిచినవి. రెండవ పేరును పట్టుకొని వెదకువానికి అచ్చట నేమియు దొరకదు. ఆ రెండవ పేరుగలవారు మన తెలుగువారు.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. బాల్యమున వీరు చదువునందు శ్రద్ధగలవారని చెప్పుటకు వీలులేదు. ఇల్లు విడిచి కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్ముకొని ధనము సంపాదింపవలెనని ఒకప్పుడు బయలుదేరగా పెద్దలు వెనుకకు తీసికొనివచ్చిరి. మెట్రిక్యులేషను పరీక్షయందు రెండుమారులు తప్పి, మూడవమారు చెన్నపట్టణములోని హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణులైరి. మా విద్యార్థులలో పరీక్ష తప్పినవారికి ఈ మాట రుచించునేమో గాని, మూడవమారు చదివిన సంగతియు వారు గమనింపవలెను.

పిదప రామకృష్ణ మఠమున సన్యాసిగా చేరవలెనని కోరిరి. తల్లి యంగీకరింపలేదు. తుదకు మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి. గాంధీగారి పిలుపు విని ఖద్దరు ధరించుట ఆంగ్లేయుడైన శస్త్రవైద్యాచార్యునకు నచ్చలేదు. అందుచే వీరికి పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కక, ఎల్.ఎం.ఎస్. అను తక్కువ పట్టము మాత్రమే లభించెను. ఈ కాలముననే స్ప్రూ అను జీర్ణరోగముచేత సోదరులిద్దరు కొలదికాలములోనే మరణించిరి. వీరికిని ఆ వ్యాధి సోకగా ఆయుర్వేదవైద్యులైన ఆచంట లక్ష్మీపతిగారు నయము చేసిరి. ఆ రోగము సంగతి చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను.

1922వ సంవత్సరాంతమున బోస్టను నగరము చేరునప్పటికి వీరి చేతిలోని ధనము స్వల్పము. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశవ్యాధుల శాఖలో చదువుచు, రాత్రులు ఆసుపత్రిలో కూలిపని చేసి పొట్టపోసికొనిరి. తరువాత జీవరసాయనశాఖయందు సైరస్ ఫిస్కెగారి క్రింద పనిలో చేరిరి.

ఇచ్చటనే మొదట చెప్పిన పద్ధతి పుట్టినది. దాని కీలకము చెప్పుట సులభము. భాస్వరము గల ద్రావకమునకు ఆమ్లమును, మాలిబ్డేటు అను లవణమును కలిపి, దానిపై మరియొక ద్రవ్యమును చేర్చినచో నీలిరంగు పుట్టును. భాస్వరమెంత యెక్కువయో రంగంత చిక్కన. తెలిసిన పాళము గల ద్రావకపు రంగుతో దీనిని పోల్చి పరిమాణమును గణింతురు. అంతకు పూర్వమును ఇట్టి పద్ధతులుండెను గాని, వీరిది వేగము గలది, నమ్మదగినది. ఆసుపత్రులలోను కళాశాలలలోను అది నిత్యకృత్యమైపోయెను. ఇట్టి పద్ధతికి ఒక చిత్రమైన కష్టము గలదు. మిక్కిలి ప్రసిద్ధమైన కొలది, ఇది యెవరిదని చెప్పవలసిన పనియే లేదని తరువాతివారు తలంతురు. కావున సూచికలోని లెక్క యెంత పెద్దదైనను, వాడినవారి సంఖ్య అంతకంటె మిక్కిలి పెద్దదని మా నమ్మకము.

ఆ రంగే మరియొక రహస్యమును బయటపెట్టినది. కండరములనుండి తీసిన రసమున నీలిరంగు ఒక్కమారుగా రాక, నిలిచినకొలది హెచ్చుచుండెను. ఇతరులైనచో పద్ధతియందు లోపమని విడిచియుందురు. వీరిద్దరు విడువక వెదకి, ఆమ్లము తగిలినంతనే విడిపోవు ఒక భాస్వరసంయోగము కండరములో గలదని కనుగొనిరి. అది ఫాస్ఫోక్రియేటిన్, 1927లో ప్రకటించిరి. ఆ యేటనే ఇంగ్లాండులో ఎగుల్‌టను దంపతులును వేరుగా దీనిని గుర్తించిరి. కండరము కదలుటకు లాక్టికామ్లమే మూలమను వాదముపై ఏ.వి. హిల్లు, మయర్‌హాఫు అనువారు 1922వ సంవత్సరపు నోబెలు బహుమానము పొందియుండిరి. ఆ వాదమునకు ఇది గొప్ప దెబ్బ. 1929లో అడినొసీన్ ట్రైఫాస్ఫేటు అను పదార్థమును వీరు వేరుచేసిరి. జర్మనీలో లోమను అదే సంవత్సరమున అదే పదార్థమును ప్రకటించెను. మనము వ్రేలు కదల్చినను దాని శక్తి ఖర్చగును.

1930లో పిహెచ్.డి. పట్టము లభించెను. స్థిరమైన ఉద్యోగము మాత్రము హార్వర్డు ఇయ్యలేదు. ఆ కాలమున అచ్చట విద్యార్థిగానుండి 1988లో నోబెలు బహుమానము పొందిన జార్జి హిచ్చింగ్సుగారు తరువాత ఒక సంగతి చెప్పిరి: సుబ్బారావుగారు వేరుచేసిన కొన్ని న్యూక్లియొటైడులను ఫిస్కె వెలుగులోనికి రానీయనందున, చాలకాలమునకు ఇతరులు వానిని మరల కనుగొనవలసివచ్చెనట. వ్యాసముల పట్టికను చూచువాడు అచ్చుపడినదానినే లెక్కింపగలడు. బీరువాలో మిగిలినదాని కెవరు లెక్క చెప్పుదురు?

1940లో వీరు న్యూయార్కు రాష్ట్రమునందలి పెర్ల్‌రివరులోని లెడర్లి పరిశోధనశాలలో చేరి, కొలదికాలములో పరిశోధనములకు అధ్యక్షులైరి. ఇచ్చట ఆయన తీరు మరియొకటి. అనేకులను కూర్చి ఒక్కొక్కరికి ఒక్కొక్క భాగమప్పగించి పని నడపిరి. కాలేయమునందుండు ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసిన వార్త 1945లో వెలువడినది. ఆ వ్యాసమునకు పదునారు పేర్లు. వానిలో మొదటి యెనిమిదింటిని అక్షరక్రమమున వేసిరి. అధ్యక్షులవారి పేరు అందేడవది! గర్భిణీస్త్రీలకు కలుగు రక్తహీనత ఈస్టుతో కుదురుట లూసీ విల్సుగారు బొంబాయిలో కనిపెట్టిరి. అందలి గుణము ఈ యామ్లమునదే. వీరి సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికిని ఇదియే మందయ్యెను.

ఫోలికామ్లమునకు విరోధులైన పదార్థములను గూడ ఆ శాలవారు కల్పించిరి. వానిలో అమినోప్టెరిన్ అనుదానిని బోస్టనులోని డాక్టరు సిడ్నీ ఫార్బరు రక్తపు క్యాన్సరు గల శిశువులకిచ్చి, పదునార్గురిలో పదిమందికి తాత్కాలికముగా గుణము కలిగెనని 1948 జూనులో ప్రకటించెను. అంతకు పూర్వము ఆ రోగమునకు మందనునది లేదు. ఆ వ్యాసమున రచయితలైదుగురు. సుబ్బారావుగారి పేరు వారిలో లేదు. ఆ కుటుంబములోని మెథోట్రెక్సేటు నేటికిని శిశువుల చికిత్సయందు వాడుకలోనున్నది. బోదకాలువ్యాధికి మందైన డైయిథైల్ కార్బమజీను 1947లో వెలువడినది. ఆ వ్యాసమున వీరి పేరు చివరిది. మన కోస్తాజిల్లాలలో ఇంటింటికి పంచిపెట్టిన ఆ మాత్రలను మ్రింగినవారిలో, దాని వెనుక భీమవరపు బిడ్డ యున్నాడని యెందరెరుగుదురో మేము చెప్పజాలము. ఆరియోమైసిన్ అను క్రొత్త మందు వీరి యధ్యక్షతలోనే వెలువడినను, దానిని కనుగొన్న డగ్గరుగారి పేరే లోకమునకు తెలిసినది.

పేరు విషయమున ఇంకొక చిక్కు గలదు. ఇంటిపేరు యల్లాప్రగడ, అమెరికాలో అది యొక్క అక్షరమై, సుబ్బారావు అనునదే ఇంటిపేరైనది. దానిని ఒకచో కలిపియు, ఒకచో విడదీసియు అచ్చువేసిరి. గ్రంథాలయపు పట్టికలో వెదకువారు ఈ రూపములన్నిటిని చూడవలెను. లేనిచో సగము పని కంటబడదు.

1948వ సంవత్సరము ఆగస్టులో, 53వ యేట, ఆయన నిద్రలోనే మరణించిరి. పాతికేండ్లకు పైగా అచ్చట నివసించియు అమెరికా పౌరులు కాలేదు. స్వదేశమునకు మరల రానులేదు. 1995లో భారత తపాలాశాఖ ఆయన బొమ్మతో ఒక బిళ్లను వెలువరించెను. అంతకు చాలముందు, 1953లో, మురుగునీటిని శుద్ధిచేయు రాతిపడకలలో దొరికిన ఒక క్రొత్త బూజునకు హెస్సెల్టైను అను శిలీంధ్రశాస్త్రజ్ఞుడు సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని పేరు పెట్టెను. ఆ పేరున సుబ్బారావుగారి ముందు మరియొకరి పేరు లేదు.