నంబర్ల కరణం

సావనీర్‌కు ఏదైనా రాసిమ్మని యూనియన్ కుర్రాళ్ళు నా గదికి వచ్చిన రోజునే వాళ్ళ సర్వర్ గొడవ కూడా నా నెత్తిన పడింది. మన కాలేజీ పాత సావనీర్లన్నీ స్కాన్ చేసి, పూర్వ విద్యార్థులు ఏ దేశంలో ఉన్నా చదువుకునేలా పెడదామని వీళ్ళు ఒక క్లౌడ్ కంపెనీ దగ్గర చిన్న సర్వర్ అద్దెకు తీసుకున్నారు. కంపెనీ పేరు మనకు అనవసరం. సర్వర్ బ్రహ్మాండంగా నడుస్తోంది, కాని బయటివాడికి కనపడదు. దాని అడ్రసు చూస్తే 10తో మొదలయ్యే నంబరు.

అది హాస్టల్ గది నంబరు లాంటిదయ్యా అని చెప్పాను. పదో నంబరు గది ప్రతి హాస్టల్లోనూ ఉంటుంది. లోపల తిరిగేవాళ్ళకు అది చాలు, పోస్ట్‌మాన్‌కు చాలదు. 10తో మొదలయ్యే నంబర్లను ఎవరి ప్రాంగణంలో వారు వాడుకోవచ్చనీ, బయటి ఇంటర్నెట్‌లో అవి చెల్లవనీ 1996లో నియమం రాసుకున్నారు. కనుక లోకానికంతటికీ ఒక్కటే అయిన పబ్లిక్ ఐ.పి. నంబరును సర్వర్‌కు జతచేయాలి. జతచేసినా సర్వర్ లోపలి నంబరు మారదు. కంపెనీ గేటు దగ్గరి యంత్రం, మన హాస్టల్ వాచ్‌మన్ లాగా, వచ్చిన ఉత్తరం మీద బయటి నంబరు కొట్టేసి లోపలి నంబరు వేస్తుంది. జవాబు వెళ్ళేటప్పుడు మళ్ళీ బయటి నంబరు వేసి పంపిస్తుంది.

కుర్రాళ్ళు జతచేశారు, సావనీర్లు బయటికి కనిపించాయి. ఆదివారం నాడు ఖర్చు కలిసొస్తుందని సర్వర్ ఆపి, సోమవారం మళ్ళీ పెట్టేసరికి నంబరు మారిపోయింది! తాత్కాలికంగా ఇచ్చిన నంబరు కాబట్టి, సర్వర్ ఆపగానే కంపెనీ దాన్ని తిరిగి తన బుట్టలో వేసుకుంది. పాత నంబరుతో కార్డులు అచ్చేసి పంచేశారు కూడాను. స్థిరంగా ఉండే నంబరు కావాలంటే విడిగా రిజర్వు చేయించుకోవాలి, దానికి గంటల లెక్కన అద్దె. అంకెలకు అద్దె ఏమిటి సార్, అంకెలు ఎవడబ్బ సొత్తు అని ట్రెజరర్ నన్నే నిలదీశాడు. ప్రశ్న మంచిదే. ఈ నంబర్లకు ఒకప్పుడు కరణం ఒకాయన ఉండేవాడు, ఆయన ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోలేదు అని చెప్పాను. ఆ కథే ఇక్కడ రాస్తున్నాను.

ఆయన పేరు జాన్ పోస్టెల్. 1943 ఆగస్టు 6న కాలిఫోర్నియాలో పుట్టారు. ఆయన చదివిన హైస్కూల్లోనే వింటన్ సెర్ఫ్, స్టీవ్ క్రాకర్ కూడా చదివారు. ముగ్గురూ తర్వాత లాస్ ఏంజెల్స్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కలిశారు. 1969 అక్టోబర్ 29న అక్కడి కంప్యూటర్‌కూ స్టాన్‌ఫోర్డ్ పరిశోధనా సంస్థ కంప్యూటర్‌కూ మధ్య తొలి సందేశం నడిచింది. రెండక్షరాలు వెళ్ళి యంత్రం కూలబడిందన్న సంగతి మీరు వినే ఉంటారు. అప్పటికి వీళ్ళంతా విద్యార్థులు. అజమాయిషీ చేసే పెద్దవాళ్ళు ఎవరో వచ్చి పద్ధతులు ఖరారు చేస్తారని చూసి, ఎవరూ రాకపోయేసరికి తామే రాయడం మొదలుపెట్టారు. ఇవి అభిప్రాయాల కోసం పంపే చిత్తు కాగితాలు మాత్రమే అని ఒదిగి ఉండే పేరు పెట్టుకున్నారు. అవే నేటి ఆర్.ఎఫ్.సి.లు. మొదటిది క్రాకర్ రాశారు. వాటిని పరిష్కరించి, వరుస నంబరు వేసి వెలువరించే పని పోస్టెల్‌ది అయింది. 1998లో పోయేవరకూ ఆ పని వదల్లేదు.

నంబర్ల పని కూడా అలాగే ఆయన మెడకు చుట్టుకుంది. ఒకే నంబరు ఇద్దరు వాడుకుంటే ఎవరి ఉత్తరం ఎవరికి చేరుతుందో తెలియదు. అందుకని ఎవరో ఒకరు పుస్తకం పట్టుకుని కూర్చోవాలి. 1972 మే నెలలో రాసిన ఒక పత్రంలో, నంబర్లు పంచడానికి ఒక అధికారి ఉండాలని సూచించి, అది నేనే కావచ్చునా అని బ్రాకెట్లో ప్రశ్నార్థకం పెట్టారు. ఆ ప్రశ్నార్థకం నాకు చాలా ఇష్టం. మొదట్లో లెక్కంతా ఒక నోటుబుక్కులో ఉండేదని మిత్రులు చెబుతారు. 1974లో డాక్టరేటు వచ్చింది. 1977లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఇన్ఫర్మేషన్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, చివరిదాకా అక్కడే ఉన్నారు. జీతం రక్షణశాఖ కాంట్రాక్టుల్లోంచి వచ్చేది, నంబరు మాత్రం అడిగినవారికి ఊరికే వచ్చేది.

1981 సెప్టెంబర్‌లో ఆయన సంపాదకత్వంలో ఐ.పి. పద్ధతి పత్రం వెలువడింది. అడ్రసుకు 32 బిట్లు. అంటే మొత్తం 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 నంబర్లు. ఆ రోజుల్లో ఇన్ని ఎవరికి కావాలి! అందుకే ఒక్కొక్క పెద్ద సంస్థకు ఒక్క చేత్తో కోటీ 67 లక్షల నంబర్ల బ్లాకు రాసిచ్చారు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వంటి ఒక్క విద్యాసంస్థకే అంత దక్కింది. ముందొచ్చిన వాడికి మాగాణి, వెనకొచ్చిన వాడికి గట్టు అన్నట్టయింది వ్యవహారం. ఇది పోస్టెల్ పక్షపాతం అని నేను అనను. అప్పటి పద్ధతిలో బ్లాకులు మూడే సైజుల్లో ఉండేవి, అడిగినవారూ కొద్దిమందే. కాని వెనక వచ్చిన దేశాలవాళ్ళం మనం, ఆ సంగతి మర్చిపోనక్కర్లేదు.

కరణం అన్నందుకు మీలో పల్లెటూరి వాళ్ళు నవ్వుకోవచ్చు. 1984లో మన రాష్ట్రంలో రద్దయిన కరణాలకున్న పేరు వేరు! ఈయన గడ్డంతో, కాళ్ళకు చెప్పులతో, కొండల్లో నడకలంటే ప్రాణంపెట్టే మనిషి. ఎక్కువ మాట్లాడేవారు కాదు. సహాయానికి జాయిస్ రేనాల్డ్స్ అనే ఆవిడ ఉండేది. దేశాల పేర్ల మీద డొమైన్లు పెట్టవలసి వచ్చినప్పుడు ఏది దేశం, ఏది కాదు అనే తగవు తన దగ్గరికి రాకుండా, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ అప్పటికే తయారుచేసుకున్న రెండక్షరాల పట్టికను తీసుకున్నారు. సరిహద్దు తేల్చడం కరణం పని కాదు, ఉన్నది రాసుకోవడమే ఆయన పని. ఈ ఇంగితం వల్లనే అన్నేళ్ళు నెగ్గుకొచ్చారని నా అభిప్రాయం.

డబ్బు వచ్చాక తగవు రాక తప్పలేదు. 1995లో డొమైన్ పేర్ల నమోదుకు ఒక కంపెనీ ఏడాదికి 50 డాలర్ల చొప్పున వసూలు మొదలుపెట్టింది. ఈ పుస్తకం అసలు ఎవరిది, ప్రభుత్వానిదా, కంపెనీదా, ఇంటర్నెట్ సమాజానిదా అన్న రభస పుట్టింది. 1998 జనవరి 28న పోస్టెల్, పేర్ల మూలపట్టికను నడిపే ఎనిమిది సర్వర్ల నిర్వాహకులకు ఒక ఈ-మెయిల్ రాశారు. ఇకమీదట మూలప్రతిని ఆ కంపెనీ యంత్రం నుంచి కాక తన యంత్రం నుంచి తీసుకోమని కోరారు. ఎనిమిది మందీ మారు మాట్లాడకుండా తీసుకున్నారు. చేతిలో ఏ ఉత్తర్వూ లేని మనిషి ఒక్క ఉత్తరం రాస్తే లోకంలో సగానికి పైగా మూలసర్వర్లు ఇటు తిరిగాయి! అమెరికా ప్రభుత్వం ఉలిక్కిపడింది. కొద్ది రోజుల్లోనే, ఇది పరీక్ష కోసం చేశానని చెప్పి వెనక్కి మార్చేశారు. ఆయన చేసింది ఒప్పా తప్పా అని మా స్టాఫ్‌రూములో ఇప్పటికీ వాదన జరుగుతుంది. అది అన్యాయమైన పెత్తనానికి ఎదురు నిలవడమని ఒక లెక్చరర్ మిత్రుడు అంటాడు. నాకు మాత్రం ఆ ఒక్కరోజు ఆయన పుస్తకం రాసే చేత్తో సరిహద్దు రాయి కదిపినట్టు తోస్తుంది. అయితే నష్టం ఎవరికీ జరగలేదు, ఆయనకు లాభమూ లేదు.

ఒక్క మనిషి మీద ఆధారపడటం ఇక కుదరదని అందరికీ, ఆయనకూ తెలిసింది. ఆ ఏడే సెప్టెంబర్ 30న ఐకాన్ అనే లాభాపేక్షలేని సంస్థ రిజిస్టరు అయింది. పుస్తకం దానికి అప్పగించే ఏర్పాట్లు జరుగుతుండగా, అక్టోబర్ 16న, గుండె ఆపరేషన్ తరువాత పోస్టెల్ పోయారు. వయస్సు 55. ఆయనకు 1991లోనే ఒకసారి గుండె ఆపరేషన్ జరిగింది. నివాళి సెర్ఫ్ రాశారు. అదీ ఒక ఆర్.ఎఫ్.సి.గానే వెలువడింది, దాని నంబరు 2468.

ఆ తరువాతి కథ క్లుప్తం. 2011 ఫిబ్రవరిలో కేంద్ర ఖజానాలోని చివరి ఐదు బ్లాకులను ఐదు ప్రాంతీయ సంస్థలకు పంచేశారు, దానితో ఖజానా ఖాళీ. 128 బిట్ల కొత్త పద్ధతి 1995లోనే రాసిపెట్టారు గాని, పాత నంబరు మాత్రమే తెలిసిన యంత్రాలు ఉన్నంతకాలం పాత నంబరుకే గిరాకీ. ఊరికే వచ్చిన భూమికి రేటు పలికింది. 2017లో ఆ మసాచుసెట్స్ సంస్థ తన బ్లాకులో సగం దాకా అమ్మేసింది, కొన్నది క్లౌడ్ వ్యాపారం చేసే అమెజాన్. 2024 ఫిబ్రవరి 1 నుంచి అదే అమెజాన్ ఒక్కో పబ్లిక్ నంబరుకు గంటకు అర సెంటు వసూలు చేస్తోంది. నెలకు లెక్కవేస్తే మూడు డాలర్ల అరవై సెంట్లు.

ట్రెజరర్ అంతా విని, మరి డబ్బు కట్టమంటారా వద్దా సార్ అన్నాడు. కట్టమన్నాను. ఇప్పుడు సర్వర్ ఆపినా, పెట్టినా నంబరు మారదు. కార్డులు మళ్ళీ అచ్చు వేయించారు. ఖాతాలో ఏ పద్దు కింద రాయాలని అడిగితే ఇంటి అద్దె అని రాయమన్నాను. ఆడిటర్‌గారు ఒప్పుకోలేదట. ప్రస్తుతానికి తపాలా ఖర్చుల కింద రాశారు.