హైరం పెర్సీ మాగ్జిమ్ : రేడియో పోటీలకు మూలపురుషుడు

అక్టోబరు, నవంబరు నెలాఖరులలో ఒక్కొక్క శనివారమునాడు, మన గడియారము ప్రకారము తెల్లవారుజామున అయిదున్నర గంటలకు, ఒక పోటీ మొదలగును. దానికి మైదానము లేదు, ప్రేక్షకులు లేరు. లోకమందలి వేలకొలది ఔత్సాహిక రేడియోకారులు తమ తమ ఇండ్లలో యంత్రముల ముందు కూర్చుండి, సోమవారము తెల్లవారుజామున అయిదున్నర వరకు, అనగా 48 గంటల కాలములో, ఎందరిని పలకరింపగలమా, ఎన్ని దేశములను అందుకొనగలమా యని పాటుపడుదురు. అక్టోబరులో నోటిమాటతోను, నవంబరులో మోర్సు సంకేతములతోను ఈ పోటీ నడచును.

ఒక్కొక్క పలకరింపు కొద్ది సెకండ్లలో ముగియును. కుశలప్రశ్నలకు ఇందులో తావు లేదు. ఒకరి పిలుపుగుర్తును మరియొకరు వ్రాసికొనవలెను. ధ్వని యెంత స్పష్టముగా వినబడినదో అంకెలలో చెప్పవలెను. తమ మండలపు సంఖ్యను తెలుపవలెను. మన ప్రాంతము 22వ మండలము. మనవారి పిలుపుగుర్తులు సాధారణముగా వి.యు. అను అక్షరములతో మొదలగును. పోటీ ముగిసిన పిమ్మట అందరి చిట్టాలను పోల్చి చూచెదరు. ఒక్క అక్షరము తప్పుగా వ్రాసికొన్నను ఆ పలకరింపునకు రావలసిన మార్కులు పోవును. పైగా కోత కూడ పడును. కనుక ఇందు గొంతు పెద్దది చేసినవానికంటె చెవియొగ్గి విన్నవానికే లాభమెక్కువ. తమిళదేశమున తెలుగు చదువుకొనుచున్న మన బాలబాలికలకు ఇందులో మరియొక సౌకర్యమును కలదు. మోర్సు చుక్కలకు, గీతలకు మాతృభాష యేదియు లేదు.

ఈ వినోదమునకు పునాది వేసిన అమెరికా దేశీయుడు హైరం పెర్సీ మాగ్జిమ్. ఆయన చరిత్రను మా పాఠకులకు ఈ సంచికలో తెలుపదలచితిమి.

ఆయన 1869వ సంవత్సరము సెప్టెంబరు 2వ తేదీన న్యూయార్కు చెంతనున్న బ్రూక్లిన్‌లో జన్మించెను. తండ్రి సర్ హైరం స్టీవెన్స్ మాగ్జిమ్ పేరు చరిత్ర చదువుకొన్నవారికి తెలిసియే యుండును. మీట నొక్కి పట్టుకొన్నంతసేపు తనంతట తానే గుండ్లు కురిపించు మరఫిరంగిని 1884 ప్రాంతమున నిర్మించినవాడతడే. ఆ యంత్రము అతనికి ఐశ్వర్యమును, బిరుదును తెచ్చెను. ఆఫ్రికా ఖండమునందును, తరువాత ఐరోపాయందును లెక్కకు మిక్కిలి ప్రాణములను తీసెను. దాని చప్పుడును దగ్గరనుండి వినివిని అతనికి చెవుడు కూడ వచ్చెను. కుమారునికి పండ్రెండేండ్ల వయస్సుండగా, 1881లో, ఆ తండ్రి ఐరోపాకు వెడలిపోయి ఇంగ్లండులో స్థిరపడెను. పిల్లలు తల్లితో అమెరికాలోనే పెరిగిరి. నడుమ అట్లాంటిక్ మహాసముద్రము నిలిచెను.

తండ్రి బుద్ధిసూక్ష్మత మాత్రము కుమారునికి పూర్తిగా సంక్రమించినది. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయములో 1886లో, పదునేడేండ్లయినను నిండకమునుపే, అతడు పట్టము పుచ్చుకొనెను. గుర్రములు లేని బండిని నడపవలెనను కోరిక అతనికి 1892లో కలిగినది. పెట్రోలు స్వభావమెట్టిదో తెలిసికొనుటకై, అతడు ఒక ఖాళీ ఫిరంగి తూటాగొట్టములో ఒక్క చుక్క పెట్రోలు వేసి అగ్గిపుల్ల గీచి పడవేసెను. దాని దెబ్బకు కలిగిన ఆశ్చర్యమును అతడు జీవితాంతము చెప్పుకొనుచుండెను. (మా విద్యార్థులు ఈ ప్రయోగమును చేయరాదని వేరుగ చెప్పనక్కరలేదు.) 1895లో హార్ట్‌ఫర్డు నగరమందలి పోప్ కంపెనీలో చేరి మోటారుబండ్లను నిర్మించెను. 1899లో బ్రాన్‌ఫర్డు అను ఊరిలో గుండ్రని బాటపై జరిగిన మోటారు పందెమున తన బండిని తానే నడిపి గెలిచెను. పోటీయనిన అతనికి మొదటినుండియు మక్కువయే.

1909లో అతడు తుపాకి చప్పుడును అణచు సాధనమునకు పేటెంటు పొందెను. స్నానపుతొట్టి నుండి నీరు సుడిగా తిరుగుచు నిశ్శబ్దముగా జారుట చూచి, తుపాకి వాయువులను కూడ అట్లే సుడి తిప్పి వెలికి పంపినచో చప్పుడు తగ్గునని అతనికి తోచినదని చెప్పుదురు. చెవుడు తెచ్చుకొన్న తండ్రికి చప్పుడడచు కుమారుడు పుట్టుట మాకు చిత్రముగ తోచును. ఈ ఉపాయమునే తరువాత మోటారు యంత్రములకును, కర్మాగారములకును అన్వయించి ఆయన ధనము గడించెను.

రేడియో ఆయన జీవితములోనికి కుమారుని ద్వారా వచ్చినది. నలుబదేండ్లు దాటిన మాగ్జిమ్ తన కుమారునితో కూడి హార్ట్‌ఫర్డులోని తన ఇంట ఒక చిన్న నిస్తంత్రీ కేంద్రమును నెలకొల్పుకొనెను. 1914 ఏప్రిల్ మాసములో ఒకనాడు ఆయనకు ఆడియాన్ అను వాల్వు కావలసివచ్చెను. సుమారు 40 కిలోమీటర్ల దూరముననున్న స్ప్రింగ్‌ఫీల్డు నగరములో ఒకరియొద్ద అట్టిది అమ్మకమునకున్నదని వినెను. రాత్రి యంత్రముపై పిలిచిచూచెను, అక్కడికి వినబడలేదు. అప్పుడు నడుమనున్న విండ్సర్‌లాక్స్ అను ఊరిలో ఒక మిత్రుడున్న సంగతి జ్ఞప్తికి వచ్చి, అతనిని పిలిచి సంగతి చెప్పెను. ఆ మిత్రుడు దానిని స్ప్రింగ్‌ఫీల్డుకు అందించెను. వాల్వు దొరకినది.

మన ధర్మపురినుండి సేలమునకు ఇట్లే ఒక వర్తమానము పంపవలెననుకొందము. నడుమ తొప్పూరు కనుమ అడ్డము. తొప్పూరులో ఒకడు కూర్చుండి ఇటు విని అటు అందించినచో పని జరుగును. అదే విధమున సేలమువాడు ఈరోడ్డునకును, ఈరోడ్డువాడు కోయంబత్తూరునకును అందించినచో ఎంత చిన్న యంత్రమయినను ఎంత దూరమయినను చేరును. మాగ్జిమ్ కనుగొన్నది ఇంతే. ఇందులో క్రొత్త యంత్రమేదియు లేదు. మనుష్యులను వరుసగా నిలిపిన ఏర్పాటు మాత్రమే. అయినను ఆయన కనుగొన్నవాటిలో ఇదియే గొప్పదని మా అభిప్రాయము.

ఆ నెలలోనే తమ ఊరి రేడియో సంఘము ముందు ఆయన ఈ ఆలోచనను పెట్టెను. క్లారెన్స్ టస్కా అను యువకుని తోడు చేసికొని అమెరికన్ రేడియో రిలే లీగు అను సంస్థను స్థాపించెను. ఆ యేడు ముగియకమునుపే రెండువందలకు పైగా కేంద్రములు అందు చేరినవి. 1915 డిసెంబరులో క్యూ.ఎస్.టి. అను మాసపత్రిక వెలువడెను. అది నేటికిని వెలువడుచున్నది.

ఆ కాలమున ఔత్సాహికుల స్థితి అంత గౌరవమైనది కాదు. 1912 నాటి అమెరికా చట్టము వారిని 200 మీటర్లకు మించని తరంగములకు పరిమితము చేసెను. పొడవు తరంగములే దూరము పోవుననియు, పొట్టి తరంగములు ఎందులకును కొరగావనియు నాటి పండితుల నమ్మకము. ఎవరికిని అక్కరలేని బీడునేలను పిల్లలు ఆడుకొనుటకు వదలినట్లు ఆ తరంగములను వీరికి వదలిరి. ఔత్సాహికులు తమ ప్రయోజనమును రుజువు చేసికొననిచో ఆ బీడును సైతము పోగొట్టుకొందురని మాగ్జిమ్ ఎరుగును. అందుచే గడువు, గమ్యము పెట్టి వర్తమానములను పందెముగా పరుగెత్తించెను. 1916 ఫిబ్రవరి 22న వాషింగ్టన్ జన్మదినమున ఒక సందేశమును రాష్ట్రములన్నిటి గవర్నరులకు పంపుటకు పూనిరి. 1917 ఫిబ్రవరిలో న్యూయార్కు నుండి పశ్చిమతీరమునకు ఒక సందేశము పోయి, 1 గంట 20 నిమిషములలో ప్రత్యుత్తరము వచ్చెను.

రెండు నెలలలో అమెరికా యుద్ధమున దిగెను. ఔత్సాహిక కేంద్రములన్నియు మూతపడినవి, ఏరియళ్ళను దింపివేయించిరి. యుద్ధము ముగిసిన పిమ్మట అసలు ప్రమాదము వచ్చినది. రేడియో సర్వమును నౌకాదళము చేతిలో పెట్టు బిల్లు 1918లో అమెరికా ప్రతినిధుల సభకు వచ్చెను. అది చట్టమైనచో వీరి కథ అంతటితో సమాప్తము. మాగ్జిమ్ వాషింగ్టనుకు పోయి సభాసంఘము ముందు వాదించెను. పిల్లల తల్లిదండ్రులచేతను, స్నేహితులచేతను సభ్యులకు జాబులు వ్రాయించెను. బిల్లు ఆగిపోయెను. 1919లో లీగు పెద్దలు మరల కూడినప్పుడు సంస్థ ఖజానాలో 33 డాలర్లు మాత్రమే ఉండెనట! పూర్వసభ్యులయొద్ద అప్పు తెచ్చి పత్రికను మరల నిలబెట్టిరి. ఆ యేటి చివర ప్రసారములకు అనుమతి దొరకెను.

ఆ పత్రికలో ‘ముసలాయన’ అను మారుపేరుతో ఒకరు వ్యాసములు వ్రాయుచుండిరి. ఇతరుల మాటలలో అడ్డువచ్చువారిని, రాని సంకేతములను వచ్చినట్లు గిలుకువారిని ఆయన చీల్చి చెండాడెడివాడు. అట్టివారిని శిక్షించుటకు ఊఫ్‌హాంగు అను భయంకర సాధనమొకటి కలదని వ్రాసి, తరువాత వంకరకర్రముక్కనొకదానిని కార్యాలయమునకు పంపెను. అది నేటికిని లీగువారియొద్ద భద్రముగ నున్నది. ఆ ముసలాయన సాక్షాత్తు అధ్యక్షుడు మాగ్జిమేయని ఆయన మరణానంతరము గాని లోకమునకు తెలియలేదు. ఎవరి పేరును ఎత్తక నవ్వించుచు మందలించుట మంచి ఉపాధ్యాయుల పద్ధతి.

ఇక సముద్రము మిగిలెను. 1921 ఫిబ్రవరిలో అమెరికా ఔత్సాహికులు నిర్ణీతమైన రాత్రులలో సంకేతములు పంపగా, ఇంగ్లండువారు బహుమతుల ఆశతో చెవులు రిక్కించి కూర్చుండిరి. ఒక్కటియు వినబడలేదు. లోపము పంపువారిదా, వినువారిదా, తరంగములదా? దీనిని తేల్చుటకు లీగు ఆ డిసెంబరులో పాల్ గాడ్లీ అను నిపుణుని అటు పంపెను. అతడు స్కాట్లండు పడమటి తీరమున ఆర్డ్రోసన్ అను ఊరిచెంత, సముద్రపు టొడ్డున, గాలిలో వానలో ఒక గుడారము వేసికొనెను. సుమారు 1,300 అడుగుల తీగను చిన్న గుంజలపై చాచి కట్టి, రాత్రులు మేలుకొని వినెను. అమెరికా కాలమానము ప్రకారము డిసెంబరు 11వ తేదీ రాత్రి, కనెక్టికట్ రాష్ట్రమందలి గ్రీనిచ్ అను ఊరినుండి 1బి.సి.జి. అను కేంద్రము పంపిన సందేశమును అతడు అక్షరమక్షరము వ్రాసికొనగలిగెను. నడుమ దూరము మూడువేల మైళ్ళకు పైగా! ఆ కేంద్రపు విద్యుత్తు ఇంచుమించు ఒక్క కిలోవాటు. ఆ పది దినములలో గాడ్లీ రెండు డజన్లకు పైగా అమెరికా కేంద్రములను వినెను.

అయినను అది ఒకవైపు మాటయే. బదులు వచ్చుటకు 1923 నవంబరు నెల చివరి వరకు ఆగవలసివచ్చెను. ఫ్రాన్సులోని నీస్ నగరవాసి లియాన్ దెలాయ్, లీగు ఉద్యోగి ఫ్రెడ్ ష్నెల్, సుమారు 100 మీటర్ల తరంగముపై ఒకరితో నొకరు సంభాషించిరి. పనికిరానివని త్రోసివేసిన పొట్టి తరంగములు ఆకాశమున మీది పొరలకు తగిలి మరల భూమికి వంగి వచ్చునని అప్పుడు లోకము గ్రహింపసాగెను. అంతట ప్రభుత్వములును, కంపెనీలును ఆ బీడుపైకి పరుగులెత్తినవి. సర్ హైరం 1916 నవంబరులోనే లండనులో కన్నుమూసియుండుటచే, కుమారుడు కూర్చిన పందెగాండ్రు ఆ సముద్రమును దాటుట అతడు చూడలేదు.

1924లో మాగ్జిమ్ పారిసుకు పోయి పలుదేశముల ఔత్సాహికులను కూడగట్టెను. మరుసటి సంవత్సరము ఏప్రిల్‌లో అచ్చటనే అంతర్జాతీయ ఔత్సాహిక రేడియో సంఘము ఏర్పడి, ఆయననే తొలి అధ్యక్షునిగా ఎన్నుకొనెను. మన చెన్నపట్టణమున సి.వి. కృష్ణస్వామి శెట్టిగారు మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బును నెలకొల్పి, జూలై 31న ప్రసారములు ప్రారంభించినదియు ఆ 1924లోనే. ధనాభావముచే ఆ క్లబ్బు 1927లో మూతపడెను. దాని యంత్రము నగరపాలక సంస్థకు చేరి, 1930లో మరల పలికెను.

పరీక్షగా మొదలైనది 1927లో లీగు నడపిన అంతర్జాతీయ రిలేతో నిజమైన పోటీగా మారెను. 1930లో స్వీప్‌స్టేక్సు అను పోటీ వచ్చెను. ఇందు పాల్గొనువారు నేటికిని వరుససంఖ్య మొదలుగా పూర్వపు వర్తమానముల తలకట్టును పోలిన వివరములనే మార్చుకొందురు. 1933లో ఫీల్డుడే ఆరంభమయ్యెను. ఇందు ఇల్లు విడిచి బయలులో ఏరియలు కట్టి, తాత్కాలికపు విద్యుత్తుతో కేంద్రమును నడపవలెను. ఇదియంతయు కాలక్షేపమని తలచువారు కలరు. 2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ పక్షమున భారతీ ప్రసాద్‌గారి బృందము అండమానుకు పోయెను. అరుదుగా వినబడు ఆ ద్వీపములనుండి ప్రపంచమును పలకరించుటయే వారి ఉద్దేశము. 26వ తేదీన ఉప్పెన వచ్చి తంతితీగలు తెగిపోగా, వారు ఆట ఆపి, అదే యంత్రముతో ద్వీపవాసుల క్షేమవార్తలను బయటివారికి అందించిరి.

వార్ధక్యమునను మాగ్జిమ్ ఊరకుండలేదు. 1926లో ఔత్సాహిక చలనచిత్రకారులకు ఒక సంఘము పెట్టెను. ఖగోళశాస్త్రముపై పుస్తకము వ్రాసెను. తనను విడిచి వెళ్ళిన తండ్రినిగూర్చి హాస్యముతో, ప్రేమతో ‘ఎ జీనియస్ ఇన్ ద ఫ్యామిలీ’ యను గ్రంథమును రచించెను. అది 1936లో ప్రచురితమయ్యెను. ఆ ఫిబ్రవరిలో రైలులో పశ్చిమమునకు ప్రయాణము చేయుచు దారిలో జబ్బుపడి, 17వ తేదీన కొలరాడో రాష్ట్రమందలి లా హుంటా అను ఊరిలో ఆయన మరణించెను. మరుసటి నెలలో కనెక్టికట్ నదికి గొప్ప వరద వచ్చి లీగువారి కేంద్రము పాడైపోయెను. న్యూయింగ్టన్ అను ఊరిలో క్రొత్త భవనము కట్టి, ఆయన జన్మదినమైన సెప్టెంబరు 2వ తేదీన, 1938లో, దానిని ప్రారంభించిరి. ఆయన ఇంటి కేంద్రపు పిలుపుగుర్తు డబ్ల్యూ1ఏ.డబ్ల్యూ. దానికే వచ్చినది. నేర్చుకొనువారికొరకు ఆ కేంద్రము నేటికిని నిదానముగ మోర్సు పాఠములను పంపుచున్నది.