దోమ గుట్టు విప్పిన డాక్టరు: సర్ రోనాల్డ్ రాస్

భువనగిరిలో రైలెక్కితే కొద్దిసేపటికే సికింద్రాబాదు చేరుకుంటాం. ఆ పక్కనే బేగంపేటలో ఒక పాత భవనం ఉంది. మలేరియా క్రిమి మనిషి ఒంట్లోకి ఏ దారిన వస్తుందో వెదకిన ఒక డాక్టరుకు తొలి జవాబు దొరికింది అక్కడే. ఆయనే సర్ రోనాల్డ్ రాస్.

రాస్ 1857 మే 13న కుమావూ కొండలలోని అల్మోరాలో జన్మించారు. తండ్రి సైన్యాధికారి. ఎనిమిదవ ఏట చదువుకోసం ఇంగ్లండు వెళ్లారు. కవిత్వం, చిత్రలేఖనం, సంగీతం అంటే ఆయనకు ప్రాణం. అయినా తండ్రి కోరిక మేరకు వైద్యం చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. బెంగుళూరులో పనిచేస్తుండగా, తన బంగళా పక్కనున్న తొట్టిలో దోమపిల్లలు కనిపిస్తే ఆ నీళ్లు పారబోయించారు. వెంటనే దోమల బెడద తగ్గింది.

ఆ రోజుల్లో చలిజ్వరం చిత్తడి నేలల గాలి వల్ల వస్తుందని చాలామంది వైద్యులు సైతం నమ్మేవారు. ఇటలీ భాషలో మలేరియా అంటే చెడుగాలి అనే అర్థం. మందు మాత్రం అప్పటికే ఉంది. దక్షిణ అమెరికా నుండి సింకోనా బెరడును ఐరోపాకు తెచ్చి ప్రచారం చేసినవారిలో యేసుసభ గురువులు ముఖ్యులు. క్వినైను ఆ బెరడులోనిదే. 1880లో ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ రోగి రక్తంలో క్రిమిని కనుగొన్నారు. మరి అది రక్తంలోకి ఎలా చేరింది? 1894లో లండనులో పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు రాస్ దృష్టిని దోమ వైపు మళ్లించారు. అయితే దోమలు చచ్చిపడిన నీళ్లు తాగితే జ్వరం వస్తుందేమోనని ఆయన ఊహ.

1895లో రాస్ సికింద్రాబాదు చేరారు. రెండేళ్లపాటు ఎన్నో దోమలను కోసి చూసినా ఫలితం దక్కలేదు. నీలగిరి ప్రాంతంలో వెదుకుతుండగా తానే మలేరియా పాలయ్యారు. 1897 ఆగస్టులో మచ్చల రెక్కల దోమలను హుస్సేన్ ఖాన్ అనే రోగిని కుట్టనిచ్చారు. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టజెప్పారు. పంకా గాలికి దోమలు ఎగిరిపోతాయని ఉక్కలోనే కూర్చున్నారు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. ఆగస్టు 20న ఒక దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి ఎదుగుతూ కనిపించింది.

ఆ తరువాత బదిలీ అయి పరిశోధనకు ఆటంకం కలిగింది. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాను పరిశీలించి, క్రిమి దోమ లాలాజల గ్రంథులకు చేరుతుందనీ, కాటుతో మరో ప్రాణిలోకి వెళుతుందనీ రుజువు చేశారు. మనుషుల విషయంలో అదే సంగతిని అదే ఏడాది ఇటలీలో గ్రాస్సీ బృందం నిరూపించింది. ఆ ఘనత ఎవరిదన్న తగవు ఏళ్ల తరబడి నడిచింది.

ఈ క్రిమి దారి ఇలా ఉంటుంది. రక్తం తాగేది ఆడదోమ మాత్రమే. కుట్టేటప్పుడు దాని లాలాజలంతో క్రిములు మన రక్తంలో పడి, త్వరలోనే కాలేయం చేరి, అక్కడ కొన్నాళ్లు చడీచప్పుడు లేకుండా వేల సంఖ్యలో పెరుగుతాయి. పిదప ఎర్ర రక్తకణాల్లో దూరి వాటిని పగులగొడతాయి. కణాలు పగిలినప్పుడల్లా వణుకు, జ్వరం, చెమట. రోజు విడిచి రోజు జ్వరం రావడానికి కారణం ఇదే.

రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి లభించింది. 1932 సెప్టెంబరు 16న లండనులో కన్నుమూశారు. హైదరాబాదులో నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఆయన పేరనే ఉంది. ఆగస్టు 20 ప్రపంచ దోమల దినం. ఆనాడు రాస్‌తో పాటు, జ్వరంతో మూలుగుతూనే చేయి చాపిన హుస్సేన్ ఖాన్‌ను కూడా తలచుకోవడం న్యాయం.

గుడ్డు నుండి దోమ తయారవడానికి వారం, పది రోజులు పడుతుంది. కనుక వారానికొకసారి గోళాలు, తొట్లు, కూలర్లు ఖాళీచేసి ఆరబెడితే ఆ దారి ఇంటి దగ్గరే మూసుకుపోతుంది. చలితో జ్వరం వస్తే ఆలస్యం చేయక రక్తపరీక్ష చేయించాలి. డాక్టరు ఇచ్చిన మాత్రలు, జ్వరం తగ్గినా సరే, చివరిదాకా మింగాలి.